కాలిపోయిన బోర్డు నుంచి వచ్చిన మెసేజ్

మా మేనత్తకు దయ్యాలు వరసలు పెట్టి పిలిచేంత దగ్గర. ఏ ఇంట్లో ఏది తిరుగుతుందో అడక్కుండానే చెబుతుంది. నేను ఆవిడ మాటలకు నవ్వే మనిషిని. ఇప్పటికీ నవ్వుతాను. అందుకే ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

మాది గుడివాడ వైపు. ఉద్యోగం కోసం వచ్చి సైదాబాద్‌లో స్థిరపడ్డాం. నేను పనిచేసే చోట ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ల ఇళ్లకు ఆక్సిజన్ మిషన్లు అద్దెకిస్తారు. ప్రతి మిషన్‌లో అగ్గిపెట్టెంత బోర్డు, దానికో సిమ్ ఉంటాయి. మిషన్ ఆగినా, కరెంటు పోయినా, గాలి తగ్గినా ఆ బోర్డు మా ఆఫీసుకు మెసేజ్ పంపుతుంది. ఆ మెసేజ్‌లు చూస్తూ కూర్చునేది నేనే.

సిమ్‌లు మారతాయి, పేషెంట్లు మారతారు. మారనిది బోర్డుకుండే ఐఎంఈఐ నంబర్ ఒక్కటే. మీ ఫోన్‌కు ఉన్నట్టే దానికీ ఉంటుంది, ఒకదానిది ఇంకోదానికి ఉండదు. వందల మిషన్లలో ఏది ఎవరింట్లో ఉందో ఆ నంబర్‌తోనే గుర్తుపడతాం.

పురానాపూల్ దగ్గర ఎస్తేరమ్మ గారని ఒక పేషెంట్. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయ్యారు. కూతురు అఫ్జల్‌గంజ్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తుంది, పగలంతా ఈవిడ ఒక్కరే. వానాకాలంలో ఒకసారి వోల్టేజీ ఎక్కువై ఆవిడ మిషన్ కాలిపోయింది. మా టెక్నీషియన్ యూసుఫ్ భాయ్ కొత్తది పెట్టి, పాతదాన్ని గోడౌన్‌కు చేర్చి, అందులోని కాలిన బోర్డు తెచ్చి నాకిస్తే, ఆఫీసు బీరువాలో పెట్టాను. పైవాళ్లు రద్దు చేసేదాకా అలాంటి నంబర్లు నా కంప్యూటర్‌లో పేషెంట్ పేరు కిందే బూడిదరంగులో పడి ఉంటాయి. మా ఆఫీసులో ఏదీ తొందరగా రద్దు కాదు.

కొన్నాళ్లకు ఓ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చి కూర్చున్నాను. ఎస్తేరమ్మ గారి పేరు కింద ఎరుపు కనిపించింది. గాలి అందడం లేదని అలారం. కొత్త మిషన్ చూస్తే పచ్చగా, హాయిగా నడుస్తోంది. ఎర్రబడింది ఆ కాలిపోయిన నంబర్.

నాకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. ఎవరో ఆ బోర్డు తీసి వేరే మిషన్‌కు తగిలించి ఉంటారనుకున్నాను. ఎవరిని దులపాలా అని ఆలోచిస్తూనే బీరువా తీశాను. బోర్డు అక్కడే ఉంది. సిమ్ లేదు, బ్యాటరీ లేదు, ఒక మూల మాడి మసైంది. స్టిక్కర్ మీద నంబర్ అంకె అంకె సరిచూశాను. అదే. దాన్ని చేత్తో పట్టుకుని కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి, అదే నంబర్ నుంచి ఇంకో మెసేజ్ వచ్చి ఉంది.

అప్పుడు మాత్రం భయం వేసింది. ఎస్తేరమ్మ గారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నం పడుకోవడం ఆవిడకు అలవాటే. తప్పుడు అలారమని కొట్టేసి టీకి వెళ్లొచ్చు. ఎందుకో మనసొప్పలేదు. యూసుఫ్ భాయ్‌కి చేశాను. అదృష్టం బాగుండి ఆయన అఫ్జల్‌గంజ్‌లోనే ఉన్నాడు.

"కాలిపోయినది ఎట్ల మాట్లాడ్తది మేడం? ఎండ తగిలిందా ఏంది మీకు?" అన్నాడు. నా గొంతు విన్నాక వేళాకోళం మానేశాడు. "సరే, ఫికర్ చేయకుండ్రి. దగ్గర్నే ఉన్న గదా, పోయి చూస్త."

మళ్లీ ఆయన ఫోన్ చేసేసరికి వెనకాల అంబులెన్స్ మోత. తలుపు దగ్గరగా వేసి ఉందట. మిషన్ చక్కగా నడుస్తోంది, కానీ ట్యూబు మిషన్ దగ్గర ఊడిపోయి ఆక్సిజన్ అంతా గదిలోకి పోతోంది. ఎస్తేరమ్మ గారు మంచం మీద సోలిపోయి ఉన్నారు, పెదవులు నీలంగా. మిషన్ పని మిషన్ చేస్తోంది కాబట్టి మాకు పచ్చగానే కనిపించింది.

"ఇంక జర ఆలస్యమైతే అమ్మ దక్కకపోతుండె మేడం," అని ఏడ్చేశాడు యూసుఫ్ భాయ్. నేనూ ఏడ్చాను, ఆఫీసులో అందరి ముందూ.

తరవాత నేను ఊరుకోలేదు. సిమ్ కంపెనీవాళ్లను అడిగాను. కాలిపోయిన రోజు నుంచి ఆ నంబర్ ఏ టవర్‌కూ అందలేదన్నారు. పాత మెసేజ్ ఇప్పుడొచ్చిందేమో అంటే, వచ్చిన రెండు మెసేజ్‌ల మీదా ఆ మధ్యాహ్నం టైమే ఉంది. మా సాఫ్ట్‌వేర్ అబ్బాయిలు ఏదో బగ్ అన్నారు. ఎక్కడో చూపించమంటే చూపించలేకపోయారు. బగ్ అయితే నాకూ హాయే. కానీ అన్ని వందల నంబర్లలో ఆ నంబరే, సరిగ్గా ఆ వేళకే ఎలా వచ్చింది?

ఆవిడ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక యూసుఫ్ భాయ్‌తో కలిసి చూడ్డానికి వెళ్లాను. జరిగింది చెబితే భయపడతారని చెప్పలేదు. ఆవిడ కొత్త మిషన్ వైపు చూస్తూ, "ఇది మంచిదే గని బిడ్డా, పాతదానికి నేను అలవాటు పడ్డ. నిద్ర పట్టకపోతే దానితోటే ముచ్చట పెడుతుంటి. పారేసిండ్రా ఏంది దాన్ని?" అన్నారు.

"లేదమ్మా, మా దగ్గరే ఉంది," అన్నాను.

"మరి జర బాగు చేయించుండ్రి. పాపం, ఎవరికన్న పనికొస్తది."

యూసుఫ్ భాయ్ తల తిప్పేసుకున్నాడు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి వెచ్చగా ఉంది. ఆ మధ్యాహ్నం నన్ను పిలిచిందెవరో నాకు ఈ రోజుకీ తెలియదు.