ఏడవని మనిషి పక్కన

పీకిన నారు కట్టల పచ్చి వాసన తగిలితే చాలు, నాకు పోలమ్మత్త గుర్తొస్తుంది. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి పెళ్ళై గుణుపురం వచ్చినప్పుడు నాకు ఊడ్పు రాదు. పక్కింటి పోలమ్మత్తే తన మడిలోకి దింపి నేర్పింది. "ఏటే అమ్మీ, నారు ఊడుస్తన్నావా, బురదకి జోల పాడతన్నావా?" అని అందరిలో ఎగతాళి చేసేది. మధ్యాహ్నం మాత్రం తన అంబలిలో సగం నా గిన్నెలో వంచేది. చేతికి పని, నోటికి మాట, రెండూ ఆవిడ పెట్టినవే.

ఒక ఏడాది ఊడ్పులప్పుడే వంశధార పొంగింది. రేవు దాటుతూ ఆవిడ ఒక్కగానొక్క కొడుకు కొట్టుకుపోయాడని గట్టు మీంచి ఎవరో కేకేశారు. పోలమ్మత్త ఏడవలేదు. చేతిలో నారు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఏడవని మనిషికి దుఃఖం గుండెలో గడ్డ కడుతుందని, ఎలాగైనా ఏడిపించాలని మా వాళ్ళ నమ్మకం. ఇంటికి తెచ్చి, చుట్టూ కూర్చుని, కొడుకు గుణాలు ఒక్కొక్కటే ఎత్తి ముసలమ్మలు శోకాలు పెట్టారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. చల్లగా, చెమటగా ఉంది ఆ చెయ్యి.

"ఏడుపు కాదే అమ్మీ, గుండెకాయని ఎవులో పిడికిట్లో నులిమేస్తన్నారు. ఊపిరి ఆడ్డం నేదు."

"అదేనే దుక్కం! ఏడిసెయ్యి, దిగిపోద్ది," అని ఓ ముసలమ్మ ఆవిడ వీపు చరిచింది.

పొద్దువాలాక, ఆస్పత్రి నుంచి ఇంటికి పోతున్న కిరస్తానం నర్సమ్మ లోపలికి తొంగి చూసింది. నాడి పట్టుకుని మండిపడింది. "శోకాలు ఆపండి! ముందు బండి కట్టండి!" కట్టాం. దారిలోనే, నా ఒళ్ళో, పోలమ్మత్త పోయింది. జబ్బులేని గుండెకైనా అంత దెబ్బకి ఒక్కసారిగా బలం ఉడిగిపోతుందని, వేళకి ఆస్పత్రికి తెచ్చి కదలకుండా పడుకోబెడితే కొందరు లేచి తిరిగారని నర్సమ్మ తర్వాత చెప్పింది. కొందరు! ఆ మాట నన్ను ఇప్పటికీ కాలుస్తుంది.

కొన్నేళ్ళకి, రాయగడ దారిలో లారీ గుద్ది నా మొగుడు పోయాడు. కబురు వినగానే అదే పిడికిలి నా గుండెని పట్టేసింది. "ఏడుపు తరవాత. నన్ను ఆస్పత్రికి తీసికెల్లండి," అన్నాను. "మొగుడు పాడెక్కకముందే మంచమెక్కింది, సిగ్గునేదు," అన్నారు ఆడాళ్ళు. ఆస్పత్రిలో నన్ను కదలనివ్వలేదు, ఆయన కడచూపు నాకు దక్కలేదు. ప్రాణం దక్కింది.

ఇప్పుడు ఏ ఇంట చావు జరిగినా ఏడ్చేవాళ్ళ దగ్గరికి వెళ్ళను. ఏడవని మనిషి పక్కన కూర్చుంటాను. ఏడవమని చెప్పను. చెయ్యి పట్టుకుని, "ఊపిరి ఆడతందా అమ్మీ?" అని అడుగుతాను.