మొలలేనని చెప్పించుకోవడానికి

మేం లడఖ్‌లోని ఆర్మీ పోస్టుకు చేరిన రోజు మంచు మోకాళ్ల దాకా ఉంది. రెండు బంకర్లు, ఒక బుఖారీ పొయ్యి, ఒక రేడియో సెట్టు. నా పక్క మంచం రేడియో ఆపరేటర్‌ది. వాడిదీ నాలాగే బెంగాల్లోని ఖరగ్‌పూరే. నాది న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ, వాడిది ట్రాఫిక్ కాలనీ. ఆ కొండ మీద తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

జనవరిలో వాడికి విరేచనానికి వెళ్తే రక్తం పడటం మొదలైంది. పైన అందరం డబ్బా తిండే తినేవాళ్లం. మంచు కరిగించి తాగేవాళ్లం, అదీ తక్కువే. మొలలు చాలామందికి వచ్చాయి. నర్సింగ్ అసిస్టెంట్ పూతమందు ఇచ్చి, తగ్గకపోతే కిందికెళ్లి డాక్టరుకు చూపించుకోమన్నాడు. వాడు వెళ్లలేదు. సెలవులో మన ఊరి వైద్యుడి దగ్గరికే వెళ్తానన్నాడు. సెలవు దొరికేసరికి యూనిఫాం వాడి ఒంటిమీద వేలాడుతోంది.

మార్చిలో ఇద్దరం ఇంటికొచ్చాం. మర్నాడు ఉదయం మా పేట ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నాడి పట్టుకున్నాడు. నాలుక చూశాడు. రక్తం ఎర్రగా పడుతోందా, నల్లగానా, విడిగానా, మలంలో కలిసా అని నిదానంగా అడిగాడు. ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి పరీక్షించాడు. తర్వాత పొట్ట నొక్కాడు. ఒకచోట చెయ్యి ఆగింది. మళ్లీ అక్కడే నొక్కాడు.

చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"మొలలున్నాయి బాబూ. గాని మొలలకి మనిషి ఇంతలా సిక్కిపోడు. కడుపులో గడ్డ తగుల్తంది. నాను మందివ్వను. ఇయాలే పెద్దాసుపత్రికెళ్లండి."

"సూర్ణమేదైనా ఇవ్వండి. మళ్లీ డ్యూటీకెళ్లాల," అన్నాడు ఆపరేటర్.

వైద్యుడు తల అడ్డంగా ఊపాడు.

పేగు క్యాన్సర్. ఆసుపత్రిలో తేలేసరికి కాలేయానికి పాకింది. ఆపరేషన్ చేశారు. నా సెలవు అయిపోయింది, పోస్టుకు తిరిగెళ్లాను. వానాకాలంలో వాడు పోయాడన్న కబురు కింది నుంచి రేడియోలోనే వచ్చింది. అప్పుడు సెట్టు దగ్గర బిహార్ కుర్రాడున్నాడు. విని, సెట్టు నాకు అప్పజెప్పి, బయటికెళ్లి నిలబడ్డాడు.

రిటైరై ఇంటికొచ్చాక వాడి భార్యను చూడటానికి వెళ్లాను. పైన ఆయన బాగానే ఉండేవాడా అని అడిగింది. నవ్విస్తూ ఉండేవాడని చెప్పాను. అది నిజమే.

వైద్యుడి ఇంటి నుంచి ఆసుపత్రికి వెళ్లిన ఆ పొద్దు మాత్రం నన్ను వదలదు. వాడు సైకిల్ మీద కూర్చోలేకపోయాడు. నేను సైకిల్ తోస్తున్నాను. వాడు వెనక క్యారియర్ పట్టుకుని, చిన్న చిన్న అడుగులేస్తూ నడుస్తున్నాడు.

"మొలలేనని ఆయనొక్క మాట సెప్తే ఏటి పోయేది, బావా?" అన్నాడు.