గంజి పెట్టిన వల

ఎమ్మిగనూరులో మా ఇంటి ముందు గది సగం మగ్గం గుంటే. కోడలిగా వచ్చిన కొత్తలో చేతిలో కాఫీ గ్లాసులతో ఒకసారి అందులో పడ్డాను, కాబట్టి దాని లోతు గురించి నన్నెవరూ మోసం చేయలేరు. మా అత్త మాత్రం ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసింది. పోయినేడు ఆమె కంట్లో పొర తీయించాం. ఆ తర్వాత ఆరు నెలలు మగ్గం ఊరికే ఉండిపోయింది.

ఆ ఆరు నెలల్లో మా ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఆయన ఆదోని బస్సులో కండక్టరు. నలుగురినీ సర్ది కూర్చోబెట్టే పని కదా, ఇంట్లో కూడా ఖాళీ జాగా కనపడితే ఊరుకోలేడు. గుంట పూడ్చి టైల్స్ వేయిస్తే గది విశాలమవుతుందన్నాడు. అసలు సంగతి ఆయన మనసులో వేరే ఉంది, అమ్మ ఆ కళ్ళతో మళ్ళీ వంగి కూర్చోవడం ఆయనకు భయం. మా అత్త వాదించలేదు. ఇంకా నేయగలనో లేదో ఒక చీర నేసి చూసుకుంటానని మాత్రం అడిగింది. మా ఆయన తీర్పు చెప్పాడు.

"ఒక్క చీర మచ్చ లేకుండా నెయ్యిమా. నేసినావంటే మగ్గం జోలికి రాను. మచ్చ పడిందంటే గుంట పూడుస్తా."

ఆమె సరేనంది. తెల్ల పడుగు ఎక్కించి, నీలం అంచు పెట్టింది. అప్పుడు తలెత్తి చూస్తే సరిగ్గా మగ్గం పైన, దూలానికీ గోడకూ మధ్య సందులో, రెండు పిచ్చుకలు గడ్డిపోచలు మోస్తున్నాయి. మొదటి రోజే ఒక రెట్ట పడింది. అదృష్టం కొద్దీ పడుగు చివర, నేతలోకి రాని చోట పడింది. మా అత్త తడిబట్టతో తుడిచింది కానీ ముఖంలో నెత్తురు లేదు. అది చూశాక నాకు ఒళ్ళు మండింది. ఆ పిచ్చుకల సంగతి నేను చూసుకుంటానన్నాను.

చూసుకోవడం అంత తేలిక కాదని రెండు రోజుల్లోనే తెలిసింది. మిద్దె మీద గవాక్షి మూస్తే వాకిట్లోంచి వచ్చేవి. వాకిలి మూస్తే గవాక్షిలోంచి దిగేవి. రెండూ మూస్తే మా అత్తకు పోగు కనపడదు. పాత సీడీలు దారాలకు కట్టి వేలాడదీశాను. మగ పిచ్చుక అందులో తన ముఖం చూసుకుని ఈకలు సర్దుకుంది. చీపురు పట్టుకుని తరిమితే మా ఇద్దరిలో ఆయాసపడింది నేనే.

చివరికి ఆదోనిలో ఉన్న మా నాన్నకు ఫోన్ చేశాను. ఆయన జిన్నింగ్ మిల్లులో పని చేస్తాడు. పావురాల ఈకలు దూదిలో కలిస్తే సరుకు తిరిగొస్తుందని, అందుకే మిల్లు కిటికీలకు పైనుంచి కింది దాకా వల కడతామని చెప్పాడు. మీకూ ఒకటి కొని బస్సులో పంపిస్తానన్నాడు. నేను సంతోషంగా ఆ మాట మా అత్తకు చెప్పాను. ఆమెకు అంత అవమానం ఎప్పుడూ జరగలేదనుకుంటా.

"నేసేవాళ్ళ ఇంటికి వల కొనకొస్తారామ్మా? యాడన్నా ఉందా ఇది?"

మిగిలిపోయిన తెల్ల పోగు, నీలం పోగు కలిపి ఒక్క రోజులో తానే వల అల్లింది. ఆమె చేతిలోంచి గంజి పెట్టని పోగు ఎన్నడూ బయటికి పోలేదు. అందుకని వలను కూడా చిక్కటి బియ్యం గంజిలో ముంచి, పిండి, ఎండలో ఆరేసింది. అప్పడంలా బిర్రుగా వచ్చింది. నిజం చెప్పాలంటే అంత అందమైన వల నేనెక్కడా చూడలేదు. ఇద్దరం స్టూలెక్కి దూలం సందుకు మేకులతో బిగించి, గొప్పగా చూసుకున్నాం.

పిచ్చుకలకూ అది నచ్చింది. మొదటి రోజు పోగుల మీద అట్టకట్టిన గంజిని ఒలుచుకుని తిన్నాయి. గంజి పోయి మెత్తబడ్డ పోగులను రెండో రోజు ఒక్కొక్కటే పీకాయి. నాలుగో రోజుకు మా వల సగం పైకెళ్ళి గూడై కూర్చుంది, నీలం పోగులు కిందికి వేలాడుతూ. ఈ వార్త విని మా నాన్న ఫోన్లో చాలాసేపు నవ్వాడు.

"తరమమంటే కూడూ గూడూ గుడ్డా అన్నీ మీరే ఇచ్చినారు కదమ్మా."

నాకు రోషం వచ్చింది. ఆ మధ్యాహ్నమే స్టూలెక్కి గూడు లాగేయబోయాను. లోపల మూడు గుడ్లు ఉన్నాయి, మచ్చల మచ్చలుగా. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. కింద నుంచి మా అత్త నెమ్మదిగా, "దిగమ్మా. ఇంగ దాని జోలికి పోకూడదు," అంది. మగ్గం పోయినా సరే అన్నట్టే ఉంది ఆ గొంతు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పిచ్చుకను ఆపలేకపోతే రెట్టనైనా ఆపాలి కదా. మా అత్త పాత నూలు చీర, ఉతికి ఉతికి వెలుతురు దూరేంత పలచనైనది, తెచ్చి మగ్గం పైన నాలుగు మూలలా పందిరిలా కట్టాను. రోజూ సాయంత్రం దాన్ని విప్పి ఉతకడం, ఇంకోటి కట్టడం నా పని. కన్నబిడ్డల గుడ్డలు కూడా అంత శ్రద్ధగా ఉతకలేదు. పైన పిల్లలు పుట్టి గోల మొదలుపెట్టాయి. కింద మా అత్త, నిదానంగా, ఒక్కో పోగూ చూసుకుంటూ, నేస్తూ పోయింది. మధ్యమధ్య అటూ ఇటూ పోగు మోసే నాడె ఆపి పైకి చూసి, అవి బాగా తింటున్నాయా లేదా అని నన్నడిగేది.

పిల్లలు ఎగిరిపోయిన వారానికి చీర పూర్తయింది. ఆ పొద్దున మా అత్త తానే కోసి, మడిచి, మంచం మీద పెట్టింది. మా ఆయన అప్పుడే బస్టాండు నుంచి ఉగ్గాని, మిరపకాయ బజ్జీల పొట్లం తెచ్చాడు. తింటూ తింటూ ఆగలేక లేచి, చీర విప్పి తలుపు దగ్గర వెలుతురులో అంగుళం అంగుళం వెతకడం మొదలుపెట్టాడు. మా అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

చీర చివరికొచ్చాక ఆయన చెయ్యి ఆగింది. ఒక పచ్చటి మచ్చ. గెలిచినవాడి ముఖం కాదు ఆయనది, పాపం. తల్లికి చూపించాడు. ఆమె చీర తీసుకుని కంటి దగ్గర పెట్టుకుంది, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది పిచ్చుకది కాదప్పా. బజ్జీది."

పక్కనే ఇంకొకటి ఉంది, దాని పక్కన ఇంకొకటి. మూడూ మూడు వేళ్ళు. మా ఆయన తన చేతి వంక చూసుకున్నాడు. నేను నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాను. ఆయన కూడా నవ్వి, మగ్గం జోలికి రానని తల్లి ముందే ఒప్పుకున్నాడు. ఆయన ముఖం తేలికపడటం నేను చూశాను.

ఆయన డ్యూటీకి పోయాక, నూనె మరక పూర్తిగా పోదు, ఇంత కష్టపడి నేసింది ఇక అంగడికి పనికిరాదని నేను బాధపడ్డాను. మా అత్త చీర నా ఒళ్ళో పెట్టింది.

"అంగడికని ఎవురు సెప్పినారు? నీలం అంచంటే నీకిష్టమని పెండ్లైన కొత్తలో అంటివి కదమ్మా."

అన్నానేమో. నాకు గుర్తు లేదు. వంటింట్లోకి పోయి బాగా ఏడ్చాను.

ఆ చీర ఇప్పుడు కట్టుకునే ఈ మాటలు రాస్తున్నాను. మూడు వేళ్ళ మరకను కుచ్చిళ్ళలో దాచను, పైటకు వచ్చేట్టే కట్టుకుంటాను. ఈ ఏడు పిచ్చుకలు మళ్ళీ అదే సందుకు వచ్చాయి. మా అత్త మగ్గంపై కొత్త పడుగు ఉంది. పైన పందిరి ఈసారి మా ఆయనే కట్టాడు, చేతులు సబ్బుతో కడుక్కొచ్చి.