తల ఊపే మామ

బమ్రోలిలో సాంచాల షెడ్డులో మరమగ్గం మీద బట్ట నేసే, అందరూ మామా అని పిలిచే పెద్దాయనకు ఒకటే కన్ను. మొదటిరోజు చాయ్ అందిస్తే తల అటూ ఇటూ ఊపాడు. వద్దంటున్నాడనుకుని గ్లాసు వెనక్కి తీసుకున్నాను.

"ఏంది సారూ, గుంజుకుంటివి? ఒక్క కన్నోన్ని, తల ఊపితెనే ఏది ఎంత దూరమున్నదో ఎరుకైతది."

నేను వెళ్ళింది బట్టలో లోపాలు పట్టే కెమెరా బిగించడానికి. అదేమో మరకకీ, పైకి లేచిన పోగుకీ తేడా తెలియక తికమకపడేది. మర్నాటికల్లా కుదరకపోతే పీకేయమన్నాడు షెడ్డు యజమాని సేఠ్.

మామ దాన్ని జాలిగా చూశాడు. "పాపం, దీనికి గూడ ఒక్కటే కన్నాయె. మెడ గిట్ల బిగగడితె ఎట్ల కనవడ్తది?"

కెమెరాను అటూ ఇటూ జరిగేలా బిగించాను. మరకలు బట్టతోపాటే కదిలాయి, లేచిన పోగులు మాత్రం వేరుగా కదిలి అన్నీ దొరికిపోయాయి! సంబరంగా మామకు చాయ్ అందించాను.

"ముందుగాల దానికియ్యి సారూ. తల ఊపుతున్నదని మల్ల గుంజుకోకు."