బిబియానా కోర్టులో ఆడిన నాటకం

మనీలా నగరానికి ఉత్తరాన బులకాన్ సీమలో, చేపల మడుగుల మధ్య ఉన్న ఊరు మాది. మా ఊళ్ళో బట్టలు కుట్టే బిబియానా అంటే తెలియనివాళ్ళు లేరు. పెళ్ళికూతుళ్ళకు అనాస నారతో పలచటి పైటలు కుట్టేది. ఎవరైనా పోతే వాళ్ళ చివరి బట్టలూ ఆమే కుట్టేది. మనిషి పొట్టి, చామనఛాయ. నోరు తెరిచి పాడిందంటే మాత్రం వీధి చివర గేదెలు తోలుకుపోతున్నవాడు కూడా ఆగేవాడు.

ఆ గొంతు మొదట బయటపడింది క్రీస్తు శ్రమల పద్యాల్లో. స్పెయిన్ పాదిరీల ఏలుబడిలో మాకు చదువంటే జపాలు, ఆ పద్యాలు, అంతే. అంతకు మించి అక్షరాలు మా బుర్రలకు అనవసరమని వాళ్ళ ఉద్దేశం. ఏటా ఈస్టరుకు ముందు వారం ఊరి మధ్య పందిరి వేసి, ఆ పద్యాలను వంతులవారీగా పాడుకుంటాం. సిలువ కింద తల్లి ఏడ్చే ఘట్టం రాగానే పుస్తకం బిబియానా ముందుకు జరిగేది. స్పెయిన్ మీద తిరుగుబాటు మొదలైన ఏడాది ఆమె అన్నను సిపాయిలు వంతెన దగ్గర కాల్చేశారు. మరుసటి ఏడు ఆమె ఆ ఘట్టం పాడుతుంటే, ఆ తల్లి ఏ కొడుకు కోసం ఏడుస్తోందో పందిట్లో అందరికీ తెలుసు. పాదిరీకీ తెలిసింది. తన పుస్తకంలోని మాటలే కాబట్టి ఏమీ అనలేక, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత స్పెయిన్ వాళ్ళు పోయి అమెరికా వాళ్ళు వచ్చారు. వాళ్ళు బళ్ళు పెట్టారు, ఇంగ్లీషు చెప్పారు. ఆ ఇంగ్లీషు నేర్చుకునే నేను జిల్లా కోర్టులో దుబాసీనయ్యాను. బళ్ళతోపాటు ఒక చట్టం కూడా తెచ్చారు. స్వాతంత్ర్యం కావాలని నోటితో అన్నా, కాగితం మీద రాసినా నేరం. అలాంటి రోజుల్లో మా చర్చిలో పాటలు నేర్పే పానియో మాస్టారు నాటకాలు రాయడం మొదలుపెట్టారు. మధ్య మధ్య పాటలు పెట్టి నాటకం ఆడడం ఆయన స్పెయిన్ వాళ్ళను చూసి నేర్చుకున్నదే. కథలు మాత్రం మావి.

ఒక తల్లి, ముగ్గురు కూతుళ్ళు. ఇంట్లో దొంగ పడ్డాడు. దొంగను తరుముతానని ఒక అతిథి వచ్చాడు. దొంగ పోయాడు గానీ అతిథి పోలేదు. ఇదీ మాస్టారి నాటకం. తల్లి వేషానికి ఆయన వేరే ఎవరినీ అడగలేదు, నేరుగా బిబియానా ఇంటికి వెళ్ళారు.

"నాకు ఇరవై ఆరేళ్ళు మాస్టారూ. ముగ్గురు కూతుళ్ళా?" అందామె.

"జుట్టుకు బియ్యప్పిండి రాద్దాం. గొంతుకు ఏమీ రాయక్కర్లేదు," అన్నారాయన.

ఊరి పండగనాడు చర్చి ముందు బయలులో వేదిక కట్టారు. ముందు వరస కుర్చీల్లో పోలీసు కెప్టెన్, అతని మనుషులు కూర్చున్నారు. వాళ్ళకు మా భాష రాదు. పాటలు బాగున్నాయని చప్పట్లు కూడా కొట్టారు. చివరి రంగంలో అతిథిని ఇల్లు విడిచి పొమ్మని తల్లి అడుగుతుంది. అప్పుడు కూతుళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. ఒకామెది నీలం బట్ట, ఒకామెది ఎరుపు, మూడో ఆమెది తెలుపు. మధ్యలో బిబియానా పసుపు శాలువా విప్పి భుజాల మీద కప్పుకుంది.

అవి మా జెండా రంగులు. ఆ జెండా బయట కనబడితే ఊరుకునే కాలం కాదది. కింద కూర్చున్న జనం ఒక్క మాట లేకుండా లేచి నిలబడ్డారు. ముసలివాళ్ళు టోపీలు తీశారు. కెప్టెన్ అటూ ఇటూ చూసి, ఏదో జరిగిందని అర్థమై, ఏమిటో తెలియక తనూ లేచాడు. ఎవరో అతని చెవిలో చెప్పేసరికి నాటకం అయిపోయింది. తెల్లవారగానే మాస్టారినీ బిబియానానూ పట్టుకుపోయారు.

విచారణ రోజు కోర్టు వరండాలో ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను పక్కనే ఉన్నాను. మాస్టారి మొహం వడిలిపోయింది.

"అమ్మాయ్, ఆ ఘట్టం చెప్పమంటారు. 'అతిథి' అన్నచోటల్లా 'అల్లుడు' అనెయ్. ఇంటి గొడవ అయిపోతుంది," అన్నారు.

"అల్లుడంటే తాళం కుదరదు మాస్టారూ."

"తాళం పోతే పోయింది. నా మెడ కుదురుగా ఉంటుంది కదే."

ఆ స్థితిలో కూడా ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఆమె నా వైపు తిరిగి, "ఒరే తినో, నేను ఎలా పలికితే అలాగే చెప్పు. మెత్తబరచకు, కారం పెట్టకు," అంది.

న్యాయాధికారి కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన. నాటకంలో తల్లి మాటలు చెప్పమన్నాడు. బిబియానా చెప్పులు విడిచి, గది మధ్యకు వచ్చింది. వాద్యాలు లేవు, బియ్యప్పిండి లేదు.

"దొంగను తరమడానికి వచ్చిన అతిథీ, దొంగ పోయి చాలా పొద్దయింది. నా కుండలో అన్నం తిన్నావు. నా చాప మీద పడుకున్నావు. నా పిల్లలు చూరు కింద వానలో నిలబడ్డారు. తలుపు తీసే ఉంది అయ్యా, వాళ్ళను లోపలికి రానీ."

పందిట్లో సిలువ కింది తల్లికి ఎత్తిన రాగమే అది. నేను మాట వెంట మాట ఇంగ్లీషులో చెప్పాను. నా నోట్లో అది పక్కింటివాళ్ళ తగాదాలా వినబడింది. న్యాయాధికారి కళ్ళజోడు తీసి, "ఇంతేనా? ఇందులో ప్రభుత్వం ఎక్కడుంది?" అని అడిగాడు.

"మాటలైతే ఇవేనండి," అన్నాను.

కానీ గది వెనక జనం ఏడుస్తున్నారు. గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకున్న మా జాతి సిపాయి కూడా భుజానికి మొహం తుడుచుకుంటున్నాడు. న్యాయాధికారి వాళ్ళను చాలాసేపు చూశాడు.

"ఈ తల్లి ఎవరో ఆమెను అడుగు."

అడిగాను. బిబియానా తల వంచలేదు. "తల్లండీ. తల్లి ఉన్న ప్రతివాళ్ళకీ వాళ్ళ తల్లే. దొరగారికీ ఉండే ఉంటుంది."

అలాగే చెప్పాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

అప్పుడు ప్రభుత్వ వకీలు ఆ బట్టలు తెచ్చి బల్ల మీద వరసగా పరిచాడు. నీలం, ఎరుపు, తెలుపు, పసుపు. మాటల సంగతి ఎలా ఉన్నా, వాటికి దుబాసీ అవసరం లేదు. ఈ రంగులు పెట్టమన్నది ఎవరని అడిగారు. మాస్టారు లేవబోయారు. అంతకుముందే బిబియానా అంది.

"నేను. మాస్టారు రాసింది మాటలు. అందులో ఎక్కడైనా రంగు ఉందేమో వెతుక్కోండి. బట్ట ఎంచింది నేను, అద్దకం వేసింది నేను, కుట్టింది నేను."

"అబద్ధం. నేనే చెప్పాను," అన్నారు మాస్టారు.

"మీకు సూదిలో దారం ఎక్కించడం రాదు. మీరు రంగులు చెబితే నేను కుడతానా? కూర్చోండి మాస్టారూ."

ఏడుస్తున్న జనం నవ్వారు. ఆ మాటా నేను తర్జుమా చేస్తే న్యాయాధికారి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వినా శిక్ష వేయక తప్పలేదు. మాస్టారిని వదిలేశారు. బిబియానాకు ఆరు నెలలు జైలు. నిజానికి ఆ రంగుల ఆలోచన ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగినప్పుడల్లా ఇద్దరూ తమదేనని చెప్పేవారు.

జైల్లో ఆమె చేత ఖైదీల బట్టలు కుట్టించారు. కుడుతూ కుడుతూ తోటి ఆడవాళ్ళకు నాటకమంతా నేర్పింది. అతిథి వేషం ఒక చేపలమ్మి వేసిందట. విడుదలై పడవ దిగినప్పుడు రేవులో ఊరంతా ఉంది. వాళ్ళమ్మ చింతకాయలు వేసిన చేపల పులుసు కుండతో సహా తెచ్చింది. బిబియానా ఒడ్డునే కూర్చుని తింటుంటే, పిల్లలూ పెద్దలూ ఆమెను "అమ్మా" అని పిలవసాగారు.

"బాగుంది. ముప్ఫై నిండకుండానే ఊరందరికీ అమ్మనయ్యాను. ఇక నన్ను పెళ్ళెవరు చేసుకుంటారు?" అంది. వేదిక కట్టిన వడ్రంగి సిమ్‌ప్లిసియో ఆ నెలలోనే అడిగాడు. చేసుకుంది కూడా.

మనీలా నాటక కంపెనీలవాళ్ళు ఏడ్చే తల్లి వేషానికి రమ్మని కబురు పంపారు. ఆమె వెళ్ళలేదు. మాస్టారితో, "మన ఏడుపు దొరలకు తెలిసిపోయింది. ఈసారి నవ్వించేది రాయండి," అంది. ఆయన ఒక చాకలామె కథ రాశారు. అమెరికా డాక్టరు ఇంట్లో బట్టలుతికి, వచ్చిన కాస్త ఇంగ్లీషుతో ఊరిని ఏలబోతుంది ఆమె. బిబియానా నా దగ్గరికి వచ్చి ఆ మాటలన్నీ సరిగ్గా నేర్చుకుంది, తర్వాత వాటిని ఎలా పాడుచేయాలో తనే కనిపెట్టింది. మొదటి ఆటనాడు ముందు వరసలో దొరలు చాకలామెను చూసి పొట్ట పట్టుకుని నవ్వారు. ఆమె వెక్కిరిస్తున్నది తమ పెత్తనాన్నేనని తెలియని వాళ్ళను చూసి మేం నవ్వాం. ఆ నాటకం చుట్టుపక్కల ఊళ్ళల్లో ఏళ్ళ తరబడి ఆడింది. ఎవరినీ పట్టుకుపోలేదు.

ఇప్పుడు మా పిల్లలు ఇంగ్లీషులోనే కథలు రాస్తున్నారు, మనీలా పత్రికల్లో పడుతున్నాయి. చదువుతాను. బాగా రాస్తున్నారు. ఆ మధ్య కాలేజీలో చదివే ఒక అమ్మాయి బిబియానా గురించి రాయాలని వచ్చింది. నేనే వెంట తీసుకువెళ్ళాను. బిబియానా కుట్టుమిషను ముందు నుంచి లేవకుండానే కబుర్లు చెప్పింది.

"కోర్టులో భయం వేయలేదా పెద్దమ్మా?" అని అడిగింది ఆ పిల్ల.

"ఎందుకు వేయదమ్మా? అందుకే అంత గట్టిగా పలికాను. మెల్లగా పలికితే గొంతు వణుకు బయటపడుతుంది."

ఆ అమ్మాయి ఆ మాట రాసుకుంది. తర్వాత ఆ ఘట్టం ఒక్కసారి వినిపించమంది. బిబియానా కత్తెర పక్కన పెట్టి, నీళ్ళు తాగి, లేచి నిలబడింది.