భీమండి మంచు

ఎనభైల మొదట్లో నాకు పొగమంచు పిచ్చి పట్టింది. బడిపంతులు జీతంలోనే ఒక పాత కెమెరా కొనుక్కుని, చలికాలమంతా తెల్లవారకముందే హన్మకొండ పార్కుకు పోయేవాణ్ణి. నాకు చెట్లు కావాలి, మంచు కావాలి. మనుషులు అక్కర్లేదు, బళ్లో చూసే ముఖాలు చాలు.

ఒక పొద్దున నేను కన్నేసిన బెంచీ మీద ఒకతను పానకంలో పుడకలా కూర్చుని ఉన్నాడు. కాస్త జరగమని కేకేశాను. ఇటు తిరిగి నవ్వాడే గాని లేవలేదు. విసుగుతోనే ఫోటో తీశాను. అతని వెనక ఒక పక్కగా, కంచె అవతల, ఇంజను ఆపకుండా ఒక జీపు నిలబడి ఉంది. దాని మీదా చిరాకే. పార్కు రెండో కొసకు పోయి తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీ, జీపూ లేదు. పీడ పోయిందనుకుని ఖాళీ బెంచీని తీరిగ్గా ఫోటో తీసుకున్నాను.

చౌరస్తాలో స్టూడియో నడిపే నా స్నేహితుడికి మాత్రం మనిషి ఉన్న ఫోటోనే నచ్చింది. పెద్దది చేసి బయట అద్దాల పెట్టెలో పెట్టాడు. కొన్నాళ్లకు రమ్మని కబురు చేశాడు. వెళితే ఒకామె ఆ పెట్టె ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఫోటోలో ఉన్నతని భార్యనని చెప్పింది. ఆ పొద్దున బయటికి పోయిన మనిషి మళ్లీ ఇల్లు చేరలేదట. ఇంట్లో అతని ఫోటో ఒక్కటి కూడా లేదట. చెబుతూనే ఆమె వేలు జీపు మీద పెట్టింది. అప్పుడు చూశాను, దానికి నంబరు ప్లేటు లేదు. అలాంటి జీపుల్లో మఫ్టీ పోలీసులు ఎక్కించుకుపోయినవాళ్లు ఏమవుతారో ఆ రోజుల్లో మా ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"గా జీపు కనవడకుంట ఫోటో కడిగియ్యిండ్రి అన్నా. భీమండికి పనికి పోయిండని మా అత్తకు చెప్పిన."

భీమండి అంటే బొంబాయి దగ్గర, మా వైపు నేతపనివాళ్లు బతకపోయే ఊరు. జీపు ఉన్న పక్క కోసేసి ప్రింటు తీశాం. స్నేహితుడు తలుపులు దగ్గరికి వేసి ఆ పని చేశాడు. వీధిలో ఏ బండి ఆగినా ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

ఫోటో తీసుకుని ఆమె వెంట ఇంటికి పోయాను. ముసలామె దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, కొడుకు నవ్వుతున్నాడని మురిసిపోయింది. తరువాత మంచు కనిపించింది.

"భీమండిల గింత మంచు వడ్తదా బిడ్డా?"

కోడలు తల దించుకుంది. పడుతుందన్నాను. ఫోటో తీసినవాణ్ణి గనక నేను అక్కడి నుంచే వచ్చాననుకుంది ఆ తల్లి. లోపలికి పోయి ముఖం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి గడపలో కూర్చుంది.

"నాది గూడ ఒకటి తియ్యి. ఆనికియ్యి. అమ్మ మంచిగనే ఉన్నది, ఫికర్ చెయ్యకని చెప్పు."

ఏడుపు ఆపుకోవడానికి కెమెరాను ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. కోడలు ముందుకొచ్చి, అత్త భుజం మీద కొంగు సర్ది, పక్కకు తప్పుకుంది.