షోకేసు వెనక అడాప్టర్

ఏసురాజుకి ఒళ్లు మండిపోతోంది. తణుకు చుట్టుపక్కల ఊళ్లల్లో పన్నెండేళ్లుగా ఇంటర్నెట్ వైర్లు లాగి బతుకుతున్న మనిషి. స్తంభాలెక్కి మోకాళ్లు అరగదీసుకున్నాడు గాని, ఎవరి చేతా మాట పడలేదు. అలాంటిది రిటైరైన టీచరు సంపూర్ణమ్మ గారు నాలుగు రోజుల్లో రెండు కంప్లైంట్లు పెట్టారు. ఇంకొక్కటి వస్తే నీ లైను పని వేరేవాడికి ఇచ్చేస్తానని ఆఫీసులో పల్లంరాజు గారు పొద్దున్నే మొహాన చెప్పేశారు. ఈ లైను పోతే అతనికి వేరే పని రాదు.

"వైరు ఎలక కొరికిందని మొదట్నుంచీ చెప్తున్నాను, వినవేంటి? ఇవాళ కూడా అవ్వకపోతే మళ్లీ ఫోన్ చేస్తాను" అన్నారావిడ గుమ్మంలోనే.

"వైరు మొత్తం కొత్తది వేశానండి. జాకులు కూడా మార్చానండి. రౌటర్ ఆగి ఆగి వెలుగుతోందంటే దానికి పవర్ చాలట్లేదండి. ప్లగ్గు చూడనివ్వండి."

ప్లగ్గు షోకేసు వెనక ఉంది. షోకేసు నిండా పింగాణీ సామాను. వచ్చిన రెండుసార్లూ ఆవిడ దాని మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది ఈవిడ వరస. ఈసారి అతను అడగలేదు. షోకేసు పట్టుకుని జరిపేశాడు. పింగాణీ గలగలమంది, ఆవిడ కేకలేశారు, అతను వినిపించుకోలేదు.

రౌటర్ అడుగున పన్నెండు వోల్టులని ఉంది. అడాప్టర్ మీద తొమ్మిదని ఉంది.

"ఇది దీనిది కాదండి. ఎవరు మార్చారండి?"

ఆవిడ కొడుకు ఐజాక్ టిఫిను ప్లేటు కింద పెట్టాడు. చర్చిలో కీబోర్డు వాయించేది అతనే. "అమ్మా, శనివారం పాటల ప్రాక్టీసు మనింట్లోనే చేశాం కదా. కీబోర్డు సర్దేటప్పుడు దాని అడాప్టర్ ఇక్కడ పెట్టేసి, రౌటర్‌ది పట్టుకెళ్లిపోయానేమో. పిన్ను సరిపోయింది మరి."

ఐజాక్ బండేసుకుని చర్చికెళ్లి అసలుది తెచ్చాడు. పెట్టగానే రౌటర్ వెలిగింది, మళ్లీ ఆగలేదు.

"కాస్త టీ తాగి వెళ్లు ఏసురాజూ" అన్నారు సంపూర్ణమ్మ గారు.

"టీ వద్దండి. ఆఫీసుకి ఫోన్ చెయ్యండి."

ఆవిడ చేశారు. "పల్లంరాజు గారా? మీవాడు వైరు బాగుచేశాడండి..."

ఏసురాజుకి కోపం నషాళానికంటింది. "వైరు కాదండి. తప్పు ఎవరిదో చెప్పండి."

ఆవిడ కొడుకు వైపు చూశారు. అతను తల దించుకున్నాడు.

"తప్పు మాదేనండి" అన్నారు చివరికి, గొంతు బాగా తగ్గించి.

"గట్టిగా చెప్పండమ్మా. కంప్లైంటు ఇచ్చినప్పుడు వీధంతా వినపడింది."